ప్లటీయా నగర చరిత్ర

(సంఘ సాహిత్య గోష్ఠిలో చదివిన ప్రసంగ పాఠము)

ప్రాచీన గ్రీసు చరిత్ర యనగానే పలువురకు ఏథెన్సు, స్పార్టా అను రెండు నగరములే స్ఫురించును. ఒకటి విద్యకును, రెండవది వీరమునకును పేరొందినవి. పాఠశాలలో చదివిన పాఠము అంతటితో ముగియును. కాని ఆ దేశమున చిన్నవియు పెద్దవియు కలిసి కొన్ని వందల నగర రాజ్యము లుండెను. ప్రతిదానికిని తన కోట, తన పొలము, తన దేవళము, తన పౌరసభ వేరువేరుగా నుండెను. జనసంఖ్యలో తెలుగునాటి యొక పెద్ద పల్లెను మించనివి కూడ తమ్ము తాము సంపూర్ణ స్వతంత్ర రాజ్యములుగానే భావించుకొనెడివి. అట్టి చిన్న నగరములలో ప్లటీయా యొకటి. బలవంతుల నడుమ చిక్కిన చిన్న ఊరు పెద్దల మాటను నమ్ముకొని ఎట్లు బ్రతికినదో, ఆ మాట ఎచ్చట తప్పిపోయినదో ఈ నగరము కథలో తెలిసినంత స్పష్టముగా వేరొకచోట తెలియుట అరుదు.

గ్రీసు మధ్యభాగమున బియోషియా యను సారవంతమైన మైదానము కలదు. దాని దక్షిణపు టంచున సిథీరాన్ పర్వతము నిలిచియున్నది. ఆ పర్వతపు ఉత్తరపు వాలున ప్లటీయా వెలసెను. పర్వతమున కావల ఏథెన్సువారి దేశము. ఇటు ఉత్తరమున ఆసోపస్ నది. నది దాటిన పిమ్మట, ఎనిమిది మైళ్ల దూరమున, థీబ్సు నగరము. బియోషియాలోని నగరములలో థీబ్సు పెద్దది. తక్కినవన్నియు తన పెత్తనము క్రింద ఒకే కూటమిగా మెలగవలెనని దాని పట్టుదల. ప్లటీయావారికి అది యిష్టము లేదు. ఈ కథయంతయు ఆ యొక్క అయిష్టము నుండి పుట్టినదే.

క్రీ. పూ. 519 ప్రాంతమున థీబ్సు ఒత్తిడి మితిమీరగా, ప్లటీయావారు స్పార్టా రాజగు క్లియోమినీసు సమీపమున నున్నాడని విని అతని నాశ్రయించి, తమ నగరమును స్పార్టా రక్షణలోనికి తీసికొమ్మని వేడిరి. స్పార్టావారు ఒప్పుకొనలేదు. తాము చాల దూరమున నుండువారమనియు, కబురు తమకు చేరులోపలనే ప్లటీయావారు పలుమారులు బానిసలై పోవచ్చుననియు, పొరుగుననే యున్న ఏథెన్సు నాశ్రయించుట మేలనియు చెప్పి పంపిరి. వినుటకు ఈ సలహా సబబుగానే యున్నది. కాని ఇది ప్లటీయాపై ప్రేమచే చెప్పినది కాదనియు, ఏథెన్సునకు థీబ్సుతో తెగని తగవు పెట్టుటకే చెప్పినదనియు చరిత్రకారుడు హెరొడోటసు దాచక వ్రాసెను. ప్లటీయావారు ఏథెన్సునకు వెళ్లి, అచట పండ్రెండుగురు దేవతలకు బలులర్పించు వేళ చూచుకొని, ఆ బలిపీఠము చెంత శరణార్థులై కూర్చుండిరి. శరణన్నవారిని త్రోసివేయుట గ్రీకుల దృష్టిలో దైవాపచారము. ఏథెన్సు అభయమిచ్చెను. థీబ్సు సేన నెదిరించి గెలిచి, ఆసోపస్ నదినే థీబ్సునకును ప్లటీయాకును సరిహద్దుగా నిలిపెను. ఆనాటి నుండి ప్లటీయా ఏథెన్సును విడువలేదు.

ఆ ఋణము తీర్చుకొను అవకాశము ముప్పది సంవత్సరములు గడువకమునుపే వచ్చెను. క్రీ. పూ. 490లో పారసీక సేన మారథాన్ తీరమున దిగినప్పుడు ఏథెన్సు సాయము కొరకు స్పార్టాకు కబురంపెను. స్పార్టావారు పూర్ణిమ రానిదే కదలరాదని ఆచారము చెప్పి, యుద్ధము ముగిసిన పిమ్మట వచ్చి చేరిరి. పిలువకయే వచ్చినవారు ప్లటీయావారు. ఆయుధము పట్టగల పురుషులందరును వచ్చిరని హెరొడోటసు చెప్పును. వేయిమంది యని తరువాతి గ్రంథకర్తలు లెక్క కట్టిరి. వారిని ఎడమ పక్షమున నిలిపిరి. ఆ విజయము తరువాత ఏథెన్సులో నాలుగేండ్ల కొకసారి జరుగు మహోత్సవములలో, ఏథెన్సు వారికిని ప్లటీయావారికిని సమానముగా మేలు కలుగుగాక యని ప్రార్థించుట ఆచారమయ్యెను. మరి యే యితర నగరమునకును ఆ గౌరవము దక్కిన జాడ లేదు.

పదేండ్ల తరువాత క్సెర్‌క్సీసు చక్రవర్తి స్వయముగా దండెత్తి వచ్చినప్పుడు థీబ్సు పారసీకుల పక్షమున చేరెను. ప్లటీయావారు కొండ పాదమున పుట్టిన రైతులు. ఓడ నడుపుట యెరుగరు. అయినను ఆర్టెమీసియం నౌకాయుద్ధమున ఏథెన్సు ఓడలలో తెడ్లు వేసిరి. థీబ్సువారు చూపిన గురుతుల మీద క్సెర్‌క్సీసు ప్లటీయాను తగులబెట్టించెను. మరుసటి సంవత్సరము, అనగా క్రీ. పూ. 479లో, ఆ కాలిన ఊరి పొలములలోనే తుది సమరము జరిగెను. స్పార్టా నాయకుడు పౌసానియసు గ్రీకుల సేనాధిపతి. ప్లటీయావారు ఆరువందలమంది ఏథెన్సువారి ప్రక్కన నిలిచి పోరాడిరి. పారసీక సేనాని మర్దోనియసు నిహతుడయ్యెను. ఆ తరువాత పారసీకులు గ్రీసు గడ్డపై మరల దండెత్తి రాలేదు.

ఈ యుద్ధమునందు భారతీయులకు ఆసక్తికరమగు సంగతి యొకటి కలదు. మర్దోనియసు తన వెంట నుంచుకొన్న మేలైన దళములలో సింధునదీ ప్రాంతమునుండి వచ్చిన భారతీయ సైనికులును ఉండిరి. వారు నూలు బట్టలు ధరించి, వెదురు విండ్లు పట్టి, ఇనుప ములుకులు గల బాణములు వేయుదురని హెరొడోటసు వర్ణించెను. అలెగ్జాండరు పంజాబునకు వచ్చుటకు నూటయేబది సంవత్సరములకు మునుపే భారతీయులు ప్లటీయా పొలములలో గ్రీకుల నెదుర నిలిచిరన్న మాట. వారిలో ఇండ్లకు మరలినవారెందరో ఏ గ్రంథమును చెప్పదు.

విజయానంతరము ప్లటీయా అంగడి వీథిలో పౌసానియసు స్వాతంత్ర్యదాతయగు జ్యూసు దేవునికి బలి యర్పించి, కూటమి సేనలన్నిటిని రావించి, వారి యెదుట ఒక ప్రమాణము చేసెను. ప్లటీయావారు తమ నగరమును, తమ భూమిని స్వతంత్రముగా ననుభవింతురు. అన్యాయముగా వారిపై ఎవరును దండెత్తరాదు. ఎవరైన దండెత్తినచో అచట నున్న కూటమివారందరును తమ శక్తికొలది తోడ్పడవలెను. ప్లటీయావారి వంతు ఆ యుద్ధమున మడిసిన వీరుల సమాధులను కాపాడుట. డెల్ఫీ క్షేత్రమున విజయ చిహ్నముగా నిలిపిన కంచు సర్పస్తంభముపై చెక్కిన ముప్పదియొక్క నగరముల పేరులలో ప్లటీయా పేరు నున్నది. ఆ స్తంభమును కాన్‌స్టంటైను చక్రవర్తి తన కొత్త రాజధానికి తరలించెను; తలలు విరిగిన ఆ స్తంభము నేటికిని ఇస్తాంబులులో నిలిచియున్నది. రాగి, కంచు అట్లు నిలిచినవి. ప్రమాణము ఏబది సంవత్సరములైన నిలువలేదు.

క్రీ. పూ. 431 నాటికి ఏథెన్సు, స్పార్టా బద్ధవైరులైరి. థీబ్సు స్పార్టా పక్షమున చేరెను. యుద్ధము ప్రకటింపబడకమునుపే, వసంతారంభమున ఒక చీకటి రాత్రి, మూడువందలకు కొంచెము మించిన థీబ్సు సైనికులు ప్లటీయాలో ప్రవేశించిరి. వారికి కోట తలుపు తీసినవారు ప్లటీయావారే. నాక్లిడీసు అనునతడును, అతని పక్షమువారును తమ ప్రత్యర్థులను తుదముట్టించి అధికారము చేజిక్కించుకొనదలచి శత్రువును పిలిచిరి. చిన్న నగరములకు బయటి శత్రువుకంటె లోపలి పక్షములే ముందుగా చేటు తెచ్చును.

ప్రజలు మొదట భయపడి రాజీ కొప్పుకొనిరి. మాటలు జరుగుచుండగా, వచ్చినవారు కొద్దిమందియే యని గ్రహించిరి. వీథిలోనికి వచ్చిన శత్రువు కంటబడుదురు గనుక, ఇంటికి ఇంటికి నడుమ గోడలకు కన్నములు వేసికొని ఒకచోట చేరిరి. ఎద్దులను విప్పిన బండ్లను వీథులకడ్డముగా నిలిపిరి. తెల్లవారకమునుపే విరుచుకుపడిరి. రాత్రియంతయు వాన కురిసెను, మాసాంతము, వెన్నెల లేదు, వీథులన్నియు బురద. స్త్రీలును, బానిసలును ఇండ్ల కప్పులపై నుండి కేకలు వేయుచు పెంకులు, రాళ్లు విసరిరి. దారి తెలియని థీబ్సువారు తిరిగిన సందులోనే తిరిగిరి. వారు లోపలికి వచ్చిన తలుపును ఒక ప్లటీయావాడు మూసి, గడియకు సీల దొరకక, తన బల్లెపు మడమనే సీలగా దిగగొట్టెను. ఒక స్త్రీ యిచ్చిన గొడ్డలితో మరియొక ద్వారపు గడియను నరికి కొందరు తప్పించుకొనిరి. ఆమె ఎవరో, శత్రువునకు గొడ్డలి ఏల యిచ్చెనో, చరిత్రకారుడు థూసిడిడీసు చెప్పలేదు. అధిక సంఖ్యాకులు కోటగోడ నానుకొనియున్న ఒక పెద్ద కొట్టము తలుపు తెరచియుండుట చూచి, అదే నగర ద్వారమని భ్రమించి దూరి చిక్కిరి.

తోడ్పాటునకు బయలుదేరిన థీబ్సు సేన ఎనిమిది మైళ్ల దూరము వచ్చుటకు వానయును, పొంగిన ఆసోపస్ నదియును అడ్డుపడెను. వారు చేరునప్పటికి అంతయు ముగిసినది. ఇచట ప్లటీయావారు ఒక పని చేసిరి. చిక్కిన ఖైదీలు నూటయెనుబదిమంది. థీబ్సు సేన పొలిమేర దాటి వెళ్లినయెడల ఖైదీలను విడుతుమని ప్లటీయావారు ప్రమాణము చేసిరని థీబ్సువారి వాదము. అట్టి ప్రమాణము చేయనే లేదనియు, మాటలు కుదిరినచో విడుతుమని మాత్రమే అంటిమనియు ప్లటీయావారి వాదము. సేన మరలిపోయెను. ప్లటీయావారు వెనువెంటనే ఖైదీలనందరిని చంపివేసిరి. ఖైదీల నేమియు చేయవద్దని ఏథెన్సు పంపిన దూత వచ్చునప్పటికి శవములే మిగిలెను. ప్లటీయా కథను చెప్పువారు కొందరు ఈ ఘట్టమును త్వరగా దాటిపోవుదురు. అది న్యాయము కాదు. ఆనాటి రక్తము నాలుగేండ్ల పిమ్మట విచారణలో తిరిగి సాక్ష్యము చెప్పినది.

ఏథెన్సువారు ప్లటీయాలోని స్త్రీలను, బిడ్డలను, వృద్ధులను తమ నగరమునకు తరలించి, కొంత సేనను కాపుంచిరి. క్రీ. పూ. 429 వేసవిలో స్పార్టా రాజు ఆర్కిడేమసు గొప్ప సేనతో వచ్చి ప్లటీయా ముందు విడిసెను. నగర దూతలు అతనికి పౌసానియసు ప్రమాణమును జ్ఞాపకము చేసిరి. ఆర్కిడేమసు కఠినుడు కాడు. ఆ ప్రమాణము మీ స్వాతంత్ర్యము కొరకే గదా, ఏథెన్సు పక్షమును విడిచి తటస్థులుగా నుండినచో మేము మిమ్ము తాకమనెను. తమ భార్యాబిడ్డలు ఏథెన్సులో నున్నారనియు, స్పార్టా సేన మరలినంతనే థీబ్సు తమను కబళించుననియు వారు చెప్పిరి. అప్పుడతడు మరియొక యేర్పాటు చూపెను. మీ ఇండ్లను, భూములను మాకు అప్పగింపుడు, సరిహద్దులు చూపుడు, చెట్లను, లెక్కించదగిన సమస్తమును లెక్కించి యిండు, యుద్ధము ముగియువరకు మీరు కోరినచోట నుండుడు, మేము సాగుచేసి మీ పోషణకు చాలినంత చెల్లించి, పిమ్మట అంతయు తిరిగి యిత్తుము. తెలుగునాట జమీందారీల కాలమున కోర్టు ఆఫ్ వార్డ్సువారు మైనరు జమీందారుల ఎస్టేటులకు పట్టీలు వ్రాయించుకొని వశపరచుకొన్న పద్ధతి ఎరిగినవారికి ఈ యేర్పాటు వింతగా తోచదు. ఆర్కిడేమసు నిజముగానే ఆ మాట నిలుపుకొనెడివాడేమో కూడ.

ప్లటీయావారు ఏథెన్సును సంప్రదించుటకు గడువు కోరి దూతలను పంపిరి. ఏథెన్సు ప్రత్యుత్తరము మూడు ముక్కలు. ఇంతవరకు మిమ్ము విడువలేదు, ఇక ముందును విడువము, శక్తికొలది సాయపడుదుము, కనుక పూర్వులు చేసిన ప్రమాణమును బట్టి మైత్రిని మార్చుకొనకుడు. శక్తికొలది యను ఆ యొక్క మాటలో ఎంత చోటున్నదో ప్లటీయావారు గ్రహించిరో లేదో తెలియదు. ఆ సమయమున ఏథెన్సు మహామారి వాతబడి యుండెను. ఆ శరత్కాలముననే దాని మహానాయకుడు పెరిక్లీసు మరణించెను. మరుసటి ఏడు మిటిలీనీలో తిరుగుబాటు చెలరేగెను. కొండ కావల నుండి సేన రాలేదు. ప్లటీయావారు కోటగోడపై నుండి, తాము స్పార్టా కోరినట్లు చేయజాలమని బదులు చెప్పిరి. ఆర్కిడేమసు ఆ దేశపు దేవతలను, వీరులను సాక్షులుగా పిలిచి, ముట్టడి మొదలిడెను.

సిథీరాన్ అడవి నరికి, డెబ్బది దినములు రేయింబవళ్లు వంతులవారీగా పనిచేసి, శత్రువులు కోటగోడకు చేరునట్లు మట్టికట్ట వేసిరి. లోపలివారు ఆ చోట గోడను కొయ్యతోను ఇటుకలతోను ఎత్తు పెంచి, నిప్పు తగులకుండ పచ్చితోళ్లు కప్పిరి. గోడ అడుగున కన్నము చేసి కట్ట మట్టిని లోపలికి లాగుకొనిరి. పిదప సొరంగము త్రవ్వి అడుగునుండి తోడివేసిరి. కట్ట ఎంత వేసినను క్రుంగుచునే యుండెను. గోడలు కూల్చు యంత్రములపై గొలుసులతో బరువైన దూలములు జారవిడిచి వాని ముక్కులు విరిచిరి. శత్రువులు కట్టెలు పేర్చి గంధకము, కీలు పోసి నిప్పంటించిరి. మానవులు వేసిన మంటలలో అంతటిది అంతవరకు ఎవరును చూడలేదని థూసిడిడీసు వ్రాసెను. గాలి లోపలికి వీచినచో అంతటితో సరి. వీచలేదు; ఉరుములతో వాన కురిసి చల్లార్చెనని చెప్పుదురు. విసిగిన శత్రువులు నగరము చుట్టును జంట గోడ కట్టి, లోపలను వెలుపలను కందకములు త్రవ్వి, ఆకలికి విడిచిపెట్టిరి.

లోపల మిగిలినవారు ప్లటీయావారు 400, ఏథెన్సువారు 80, వంట చేయుటకు నిలిచిన స్త్రీలు 110. మొత్తము 590. స్పార్టా కూటమి యంతయు రెండేండ్లు కాచుకొని కూర్చున్నది ఈ యైదువందల తొంబదిమంది కొరకు.

క్రీ. పూ. 428 శీతకాలమున తిండి తరిగెను. ఏథెన్సు నుండి ఆశ యుడిగెను. దైవజ్ఞుడగు థియెనీటసు, సేనాని యూపాంపిడసు శత్రువు గోడ దాటి పారిపోవు ఉపాయము పన్నిరి. మొదట అందరును సమ్మతించిరి. అపాయము తలచుకొని సగముమంది వెనుదీసిరి. రెండువందల యిరువదిమంది నిలిచిరి. నిచ్చెనలు గోడకు సరిపోవలెను. పొట్టివైనను, పొడవైనను ప్రాణాపాయమే. శత్రువు గోడపై తమవైపు ఒకచోట పూత పూయలేదు. ఆ యిటుకల వరుసలను దూరమునుండి పలువురు పలుమారులు లెక్కించిరి. కొందరు తప్పు లెక్కింతురు గాని అధిక సంఖ్యాకుల లెక్క సరిపోవుననుకొనిరి; ఇటుక మందమును బట్టి ఎత్తు గట్టి నిచ్చెనలు చేసిరి. ఈ నగరము చరిత్రలో పౌరసభా పద్ధతి ఇంత సూటిగా అక్కరకు వచ్చిన సందర్భము వేరొకటి లేదు.

గాలివాన, చీకటి కలిసిన రాత్రి యొకటి చూచి బయలుదేరిరి. ఆయుధములు తగిలి చప్పుడు కాకుండ ఎడముగా నడచిరి. బురదలో జారకుండుటకు ఎడమ కాలికి మాత్రమే చెప్పు తొడిగి, కుడికాలు వట్టిగా ఉంచిరి. అమ్మియసు అనువాడు మొదట నిచ్చెన యెక్కెను. పండ్రెండుగురు ఎక్కి, ఇరువైపుల బురుజులను ఆరుగురు చొప్పున పట్టుకొనిరి. అంతలో ఎవరి చేయియో తగిలి కోటకొమ్మ నుండి ఒక పెంకు జారి పడి చప్పుడయ్యెను. శత్రువులు ఉలికిపడి గోడ మీదికి పరుగెత్తిరి. ఆ క్షణముననే నగరములో నిలిచినవారు ఆవలివైపునుండి ముట్టడించినట్లు నటించి వారి దృష్టిని మరల్చిరి. శత్రువులు థీబ్సునకు దివిటీలతో సంకేతములంపగా, లోపలివారు తామును ముందుగా సిద్ధపరచిన దివిటీలనేకము వెలిగించి ఆ సంకేతమునకు అర్థము లేకుండ చేసిరి. పారిపోవువారు పలుచని మంచు తేలిన కందకపు నీటిలో మెడలోతున దాటిరి. దాటి, ఏథెన్సు వైపు పోక, శత్రువులు వెదకరను నమ్మకముతో థీబ్సు బాటనే కొంత దూరము నడచిరి. కొండదారిలో తమను వెదకు దివిటీలు వారికి కనబడుచుండెను. పిమ్మట మరలి కొండ లెక్కి, 212 మంది ఏథెన్సు చేరిరి. కొందరు గోడ దాటక మునుపే మరలిపోయి, తక్కినవారందరును చచ్చిరని లోపల చెప్పిరి. తెల్లవారగనే నగరమువారు శవములను తీసికొనుటకు అనుమతి కోరుచు దూతను పంపిరి. శవములే లేవని అప్పుడు తెలిసెను.

లోపల నిలిచినవారు మరుసటి వేసవి వరకు ఆకలితో ఓర్చిరి. క్రీ. పూ. 427లో వారికి గోడ కాచు శక్తియు లేకపోయెను. స్పార్టా సేనాని తలచినచో ఒక దినమున పట్టుకొనెడివాడే. పట్టుకొనలేదు. ముందు ముందు సంధి జరిగి, యుద్ధమున పట్టిన నగరములను తిరిగి యిచ్చివేయవలసి వచ్చినచో, ప్లటీయాను పట్టలేదు, అదియే స్వచ్ఛందముగా వచ్చి చేరినది అని వాదింపవచ్చునని స్పార్టానుండి ఆజ్ఞ. కనుక దూతను పంపి, స్వయముగా లొంగినచో న్యాయవిచారణ జరుపుదుమనియు, న్యాయము మీరి ఎవరిని శిక్షింపమనియు చెప్పించెను. వారు లొంగిరి.

స్పార్టానుండి ఐదుగురు న్యాయాధిపతులు వచ్చిరి. అభియోగపత్రము లేదు. ఖైదీల నడిగిన ప్రశ్న యొక్కటియే. జరుగుచున్న ఈ యుద్ధమున స్పార్టాకును దాని కూటమికిని మీరు చేసిన మేలేమైన కలదా యని. కలదన్నచో అబద్ధము, లేదన్నచో మరణము. ప్లటీయావారు విస్తరించి మాటాడుటకు అనుమతి కోరి, ఇద్దరిని ప్రతినిధులుగా నిలిపిరి. వారిలో ఒకనిపేరు లాకన్. ఆ పేరునకు లకోనియావాడని, అనగా స్పార్టా దేశీయుడని అర్థము. అతడు ప్లటీయాలో స్పార్టావారి అతిథిమర్యాదలు చూచుటకు వంశగౌరవముగా నియమింపబడినవాడు. స్పార్టాపై అభిమానముతో తండ్రి పెట్టిన పేరుతో ఆ కుమారుడు స్పార్టా న్యాయాధిపతుల యెదుట ప్రాణభిక్ష కోరెను.

వారి వాదమున కోపముకంటె విస్మయమే హెచ్చుగా నుండెను. పారసీకులు వచ్చినప్పుడు బియోషియాలో గ్రీసు పక్షమున నిలిచినవారము మేము. పారసీకులతో చేరినవారు ఈ థీబ్సువారు. శరణు కోరినప్పుడు మమ్ము ఏథెన్సు దగ్గరకు పొమ్మన్నవారు మీరే. ఆ మాట విన్నందుకు నేడు మాపై నేరము మోపుచున్నారు. మీ తాతలు మా మట్టిలో నిద్రించుచున్నారు. ప్రతి సంవత్సరము మేము వారికి వస్త్రములును, తొలిపంటలును సమర్పించుచున్నాము. ఈ భూమిని థీబ్సు వశము చేసినచో మీ పితరులను వారిని చంపినవారి మిత్రుల చేతిలో విడిచినవారగుదురు. ఇది వారి వాదసారము.

థీబ్సువారును బదులు చెప్పిరి. ఆనాడు పారసీకులతో చేరినది తమ ప్రజలు కారనియు, అధికారము హరించిన కొద్దిమంది ప్రభువులనియు ఒక సమాధానము. అది బలహీనము. రెండవ మాట పదునైనది. చేతులు జోడించిన ఖైదీలను మాటయిచ్చి చంపినవారికి న్యాయము పేరెత్తు హక్కు కలదా? దీనికి ప్లటీయావారియొద్ద సరియైన సమాధానము లేదు.

న్యాయాధిపతులు తమ ప్రశ్న తమకు చాలుననుకొనిరి. ఒక్కొక్కని మరల పిలిచి, ఈ యుద్ధమున మాకేమైన మేలు చేసితివా యని అడిగిరి. లేదనగానే కొనిపోయి చంపిరి. ఒక్కనికిని మినహాయింపు లేదు. ప్లటీయావారు రెండువందలకు తక్కువ గాకుండ, ఏథెన్సువారు ఇరువదియైదుగురు చనిపోయిరి. ఆ నూటపదిమంది స్త్రీలలో బ్రతికియున్నవారిని బానిసలుగా అమ్మిరి. రెండేండ్లు కోటనంతటిని పోషించిన వారిలో ఒక్కరి పేరైన గ్రంథములో లేదు. స్పార్టా ఈ విషయమున ఇట్లు ప్రవర్తించుటకు కారణము దాదాపు పూర్తిగా థీబ్సే యనియు, జరుగుచున్న యుద్ధమున థీబ్సు తమకు అక్కరకు వచ్చునని వారు తలచిరనియు థూసిడిడీసు ఒక వాక్యమున తేల్చివేసెను. ఏథెన్సుతో మైత్రి కుదిరిన తొంబదిమూడవ సంవత్సరమున ప్లటీయా కథ ఇట్లు ముగిసెనని ఆయన వ్రాసెను. నగరమును ఏడాది తరువాత పునాదులవరకు పెకలించి, హేరా దేవి ఆలయము చెంత ఆ రాళ్లతో, దూలములతో ఒక పెద్ద సత్రము కట్టిరి. భూములను థీబ్సువారికి పదేండ్ల కౌలున కిచ్చిరి.

కాని కథ ముగియలేదు. క్రీ. పూ. 421లో సంధి జరిగినప్పుడు, ప్లటీయా స్వచ్ఛందముగా లొంగినదను ఆ వాదమునే చూపి థీబ్సు దానిని తిరిగి యీయలేదు. ఏథెన్సు ప్లటీయా శేషజనులకు పౌరసత్వమిచ్చి ఆదరించెను. అంతటితో ఆగక, తన్ను ధిక్కరించిన స్కియోనీ యను నగరమును అదే సంవత్సరము పట్టి, అచటి పురుషులను చంపి, స్త్రీలను బిడ్డలను అమ్మి, ఆ శూన్యమైన ఊరిని ప్లటీయావారికి నివాసముగా ఇచ్చెను. తమకు జరిగినదే మరియొకరికి జరుగగా, ఆ యిండ్లలో దీపము పెట్టవలసి వచ్చిన ప్లటీయా గృహిణుల మనసులను గూర్చి వ్రాసినవారు లేరు.

తరువాతి సంగతులు త్వరగా చెప్పవచ్చును. క్రీ. పూ. 386 ప్రాంతమున స్పార్టాయే, ఇప్పుడు థీబ్సును అదుపులో నుంచుటకై, ప్లటీయాను మరల నిలిపెను. క్రీ. పూ. 373 ప్రాంతమున పురుషులు పొలములలో నుండగా థీబ్సు సేన వచ్చి నగరమును పట్టి, దేవాలయములు తప్ప మిగిలినదంతయు నేలమట్టము చేసెను. ప్లటీయావారు మరల ఏథెన్సు దారి పట్టిరి. వారి దుఃఖమును గూర్చి ఐసోక్రటీసు రచించిన ఉపన్యాసము నేటికిని లభ్యము. క్రీ. పూ. 338లో మాసిడోనియా రాజు ఫిలిప్పు థీబ్సును, ఏథెన్సును ఓడించిన పిమ్మట ప్లటీయావారు మూడవసారి ఇండ్లకు మరలిరి.

క్రీ. పూ. 335లో థీబ్సు తిరుగుబాటు చేయగా, ఫిలిప్పు కుమారుడు అలెగ్జాండరు దానిని పట్టుకొని, ఏమి చేయవలెనో మీరే నిర్ణయింపుడని తన పక్షపు గ్రీకులకు విడిచెను. వారిలో ప్లటీయావారు నుండిరి. దేవాలయములును, పిండారు మహాకవి గృహమును తప్ప నగరమునంతను నేలమట్టము చేయవలెననియు, ప్రజలను అమ్మివేయవలెననియు తీర్మానమయ్యెను. ముప్పదివేలమంది బానిసలైరని ప్రాచీనుల లెక్క. ఆ వరుసలో నిలిచిన థీబ్సు ప్రజలను ప్లటీయావారు ఏ ప్రశ్నయు అడిగిన జాడ లేదు. అలెగ్జాండరు పారసీక చక్రవర్తిని ఓడించిన పిమ్మట ప్లటీయావారికి జాబు వ్రాసి, గ్రీకుల స్వాతంత్ర్యము కొరకు మీ పూర్వులు తమ భూమిని రణరంగముగా ఇచ్చిరి గనుక మీ నగరమును మరల కట్టింతునని వాగ్దానము చేసెను.

క్రీస్తు శకము రెండవ శతాబ్దమున పౌసానియసు అను పేరే గల ఒక యాత్రికుడు ప్లటీయాను దర్శించి, నగర ప్రవేశము చెంత పారసీక యుద్ధమున మడిసినవారి సమాధులను చూచెను. స్పార్టావారికి వేరుగా ఒకటి, ఏథెన్సువారికి వేరుగా ఒకటి, తక్కిన గ్రీకులందరికి కలిపి యొకటి. అతనికి కొంచెము ముందటి కాలమువాడైన ప్లూటార్కు, ఆ సమాధులకు ఏటేట జరుగు తద్దినమును వర్ణించెను. యుద్ధము జరిగి అప్పటికి దాదాపు ఆరువందల సంవత్సరములు. నగరము రెండుమారులు పూర్తిగా నేలమట్టమై లేచినది. శీతకాలారంభమున ఒక దినమున తెల్లవారుజామున కొమ్ము ఊది ఊరేగింపు బయలుదేరును. పూలదండల బండ్లు, ఒక నల్లని వృషభము, పాలు, మద్యము, నూనె, సుగంధద్రవ్యములు గల పాత్రలు మోయు యువకులు సాగుదురు. మృతులు స్వాతంత్ర్యము కొరకు మడిసినవారు గనుక ఆ సేవలో బానిస ఎవడును చేయి పెట్టరాదు. ప్లటీయా నగరాధికారి తక్కిన దినములలో ఇనుము ముట్టరాదు, తెల్లనివి తప్ప కట్టరాదు. ఆ దినమున మాత్రము ఎర్రని వస్త్రము ధరించి, నగర దస్త్రములు భద్రపరచు భవనమునుండి ఒక నీటికుండ తీసికొని, చేత కత్తి పట్టి ఊరి నడుమగా సమాధులకు నడచును. ఊటనుండి తానే నీరు తెచ్చి సమాధుల శిలలను తన చేతులతో కడిగి, సుగంధము పూసి, వృషభమును బలి యిచ్చి, వీరులను పేరుపేరున కాక అందరిని ఒక్కటిగా విందునకు పిలిచి, పాత్రలో మద్యము కలిపి వారి కొరకు నేలపై ధారవోయును.